పసుపంటిన బాతు

మాధవీలత టిఫిన్ డబ్బా మూత తీసి, లోపలున్న రెండు ఇడ్లీల కేసి చూసి, మళ్లీ మూసేసింది. ఆకలి లేక కాదు, తినే ఓపిక లేక. వారంలో రెండు రోజులు తెల్లవారకముందే లేచి భర్తను డయాలసిస్‌కు తీసుకువెళ్తుంది. సూదులు గుచ్చేదాకా పక్కన కూర్చుని, ఆయన కళ్లు మూసుకున్నాక కాశీబుగ్గలోని ఈ మేడ మీద గదికి వచ్చి తాళం తీస్తుంది. కిడ్నీ జబ్బు ఊరూరా ఉన్న ఉద్దానంలో ఇలాంటి ఇల్లు ఒకటి కాదు కాబట్టి దాని గురించి ఎవరూ ఎవరినీ అడగరు.

ఆమె దగ్గర పనిచేసే దీప్తి కూడా అడగదు. పెళ్లికొడుకు చెప్పిన జీతం నిజమేనా, లారీలో తడిసిపోయిందంటున్న జీడిపప్పు వానకు తడిసిందా, మనుషులే తడిపారా? మాధవీలత నడిపే ఈ ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చే కేసులు ఇవే. అయినా మేడం ఎదుటి మనిషి చీర కుచ్చిళ్లకేసి ఒకసారి చూసి ఏ బస్సులో వచ్చిందో చెప్పేస్తే, రెండేళ్లుగా చూస్తున్నా దీప్తికి ఇప్పటికీ ఆశ్చర్యమే.

మెట్ల మీద ఎవరో ఆగి ఆగి ఎక్కుతున్న చప్పుడైంది. గుమ్మంలో నలభై ఏళ్ల మనిషి నిలబడింది. ముతక చీర, రెండు చేతుల నిండా ఎర్రటి మట్టి గాజులు. లోపలికి రావాలో వద్దో తెలియనట్టు తలుపు రెక్క పట్టుకుంది.

“డిటెకిటివ్ అమ్మగోరు మీరేనా? నా పేరు వరహాలమ్మ. మాయన దొంగ కాదమ్మా. ఆ ముక్క ఎవులైనా సదుకున్నోలు సెప్తే ఇంతారని వచ్చినాను.”

“కూర్చో. ఏం పోయింది?”

“బాతమ్మా.”

దీప్తికి నవ్వు వచ్చింది. మేడం ముఖం చూసి మింగేసింది.

వరహాలమ్మ భర్త నూకయ్య నౌపడ దగ్గరి తంపరలో అటవీశాఖ వారి కాపలాదారు. ఉప్పు మడుల వెనక ఏడాది పొడుగునా నీళ్లు నిలిచే ఆ చిత్తడి నేలకు శీతాకాలం పిట్టలు వస్తాయి. వాటిని ఎవరూ వలవేసి పట్టకుండా చూడడమే అతని పని, అదీ కాంట్రాక్టు మీద. కార్తీక పున్నమి దాటాక అక్కడికి ఎన్నడూ చూడని బాతు ఒకటి వచ్చింది. వీపు మీద నారింజ రంగు తెరచాపల్లా రెండు ఈకలు నిలబెట్టుకుని తిరుగుతోంది. నూకయ్య ఫోన్లో వీడియో తీసి రేంజి ఆఫీసరు సూర్యప్రకాష్‌కు పంపాడు. అది మాండరిన్ బాతు అనీ, చైనా వైపుదనీ, ఇటు రావడం అపురూపమనీ ఆయన సంబరపడ్డాడు. విశాఖ నుంచి కెమెరాలవాళ్లు దిగారు. పేపర్లో పడింది.

“పేపర్లో సూసి కూర్మనాథం బుగత ‘అది నాది’ అన్నాడమ్మా. ఆరికి నందిగాం తోటలో అలగటి జంట ఉండీదట. పోతుబాతు పోయిందట. మాయన వనభోజనాల రోజున ఆ తోటకి బొండాలు ఏసుకెల్లినాడు. అదే పాపమైపోనాది.”

“కెమెరాలవాళ్లు ఏమన్నారు?”

“సూసి సూసి, ఇది బోన్లో పెంచినదే అన్నారు. రెక్క కత్తిరించీసి ఉన్నాదట. కాలికి కడియం గుర్తట. పొట్ట మీద పచ్చ రంగట. మనిసిని సూసి బెదరదట. ఆపీసరుగోరు మాయన్ని పన్లోంచి ఆపీసినారు. ఆదివారం బుగత వలలట్టుకుని వత్తాడట. బాతుని పట్టుకున్నాక పోలీసు కేసట.”

మాధవీలత ఆమె చేతులకేసి చూస్తూ అడిగింది. “నువ్వెప్పుడైనా ఆ బాతును ముట్టుకున్నావా?”

వరహాలమ్మ చీర చెంగు చేతుల మీదికి లాక్కుంది. “నానెందుకు ముట్టుకుంతానమ్మా?”

*

కూర్మనాథం తోట నందిగాం దాటాక ఉంది. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడిపే ఆసామి, పనివాళ్లకు బుగత, అంటే దొర. మోకాలి ఆపరేషనై విశాఖ నుంచి వచ్చి కొద్దిరోజులే అయింది. కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్నాడు.

“సూడమ్మా, బాతు కరీదు గురించి కాదు నా బాద. నా తోటకొచ్చి, నా బోన్లో సెయ్యెట్టి, మళ్లీ పేపర్లో ఫోటో ఏయించుకుంటాడా వాడు? ఢిల్లీబాబూ, అమ్మగారికి బోను సూపించు.”

ఢిల్లీబాబు ఆ తోట కాపరి. ఇచ్ఛాపురం మనిషి. సన్నగా, వంగి నడుస్తాడు. జీడిచెట్ల మధ్య సిమెంటు నేల, నాలుగు పక్కలా ఇనుప జాలీ, మూలల్లో కర్ర స్తంభాలు. స్తంభాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. దగ్గరికి వెళ్తే ఘాటైన వాసన. పలాసలో పుట్టిన దీప్తికి అది ముక్కుకు పట్టనే పట్టదు. ఫ్యాక్టరీ వీధిలో ఉండే వాసనే.

ఆడబాతు ఒంటరిగా తొట్టి పక్కన ముడుచుకుని ఉంది. బూడిదరంగు ఒళ్లు, కంటి చుట్టూ తెల్లటి గీత. ఒక వైపు రెక్కలో పొడుగాటి ఈకలన్నీ ఒకే వరసలో తెగి ఉన్నాయి. తోక చివర్లు అరిగిన చీపురులా చీలిపోయాయి. ముక్కు అంచున నల్లటి పొక్కు ఎండిపోయి ఉంది. తెల్లటి పొట్ట మీద కూడా నల్లగా ఏదో రాసుకుంది.

“రెక్క ఎప్పుడు కత్తిరించారు?” అంది మాధవీలత.

“కొన్నప్పుడే. వానలెల్లాక కలకత్తా నుంచి తెప్పించినాను. ఎగిరిపోకుండా జంటకీ ఒకేలా కత్తిరించిచ్చాడు అమ్మినవాడు,” అన్నాడు వెనకనుంచి కూర్మనాథం.

“మగబాతు ఎప్పుడు పోయింది?”

“వనభోజనాలయిన రెండో రోజమ్మా,” అన్నాడు ఢిల్లీబాబు. “పొద్దుట సూస్తే నేదు.”

“అప్పుడే బుగతకు ఫోన్ చేశావా?”

“ఆపరేసన్లో ఉన్నారు కదమ్మా. ఎలగ సెప్తాను? పేపర్లో పడ్డాక సెప్పినాను.”

కూర్మనాథం తన ఫోన్లో వనభోజనాల ఫోటో చూపించాడు. బోను ముందు బంధువులందరూ వరసగా నిలబడ్డారు. వెనక నల్లటి కొత్త స్తంభాల మధ్య రంగురంగుల మగబాతు. దాని కంటి మీది తెల్లటి పట్టీలో ఒక నల్లటి గీత ఉంది. జాలీ నీడ కాబోలనుకుంది దీప్తి.

మాధవీలత ఢిల్లీబాబు వైపు తిరిగింది. “నీ వేళ్లేమిటి అలా ఒలిచిపోయాయి? జీడి పిక్కలు కొడతావా?”

కూర్మనాథం పెద్దగా నవ్వాడు. “వాడా? పిక్క కొట్టడం రాదనే కదా తోటలో పెట్టినాను!”

ఢిల్లీబాబు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “సున్నం పడిందమ్మా,” అన్నాడు.

*

తంపరకు వెళ్లేసరికి ఎండ వాలుతోంది. సూర్యప్రకాష్ గట్టు మీద టెలిస్కోపు నిలబెట్టుకుని ఉన్నాడు. కళ్ల కింద నల్లటి చారలు. ఆయనకు ఈ గొడవ మొదలయ్యాక నిద్ర లేదని చూడగానే తెలుస్తోంది.

“నేను కూడా మొదట అడవిదే అనుకున్నాను మేడం. ఇప్పుడు నా మాట ఎవరూ నమ్మరు,” అన్నాడు. “బాతులతో వచ్చే చిక్కే ఇది. ఎవడో పెంచుకునేది తప్పించుకుని వస్తుంది, మనం దేశాలు దాటి వచ్చిందని పండగ చేసుకుంటాం.”

నూకయ్య భార్యతో దూరంగా గట్టు దిగువన కూర్చున్నాడు. పలకరిస్తే లేచి నిలబడ్డాడు. “నాను తియ్యనేదు. అంతకంటే నాకాడ మాట నేదు,” అన్నాడు.

“బాతును దగ్గరగా చూడాలి,” అంది మాధవీలత.

“దానికేటి, ఇదుంటే సాలు,” అంటూ నూకయ్య భార్యకేసి చూసి, అనకూడని మాట అన్నవాడిలా తలదించుకున్నాడు.

వరహాలమ్మ నీళ్లలో దిగి నాలుగు నూకలు విదిలించింది. గాజులు గలగలమన్నాయి. తుంగ మధ్య నుంచి ఆ బాతు బయటికి వచ్చింది. నీరెండలో దాని రంగులు చూసి దీప్తి ఊపిరి బిగబట్టింది. అది ఒడ్డెక్కి ఒళ్లు విదిల్చుకుని రెక్కలు చాచింది. కుడి రెక్కలో రెండంటే రెండు ఈకలు ఏటవాలుగా తెగి ఉన్నాయి. తోక చివర్లు కొత్త ఆకులా ఉన్నాయి. ఎడమ కాలి చుట్టూ సన్నటి గాటు, దారంతో కోసినట్టు. తెల్లటి పొట్ట మీద ఆ కాలి పక్కన మాత్రం పచ్చటి మరక, అదీ లేతగా.

చప్పుడుకు బెదిరి అది లేచి అవతలి రొయ్యల చెరువుల వైపు ఎగిరింది. ఆ చెరువుల మీద పిట్టలు వాలకుండా నైలాన్ దారాలు అల్లి ఉన్నాయి. బాతు వాటిని చూడగానే చటుక్కున పక్కకు తిరిగిపోయింది.

మాధవీలత దాహమంటూ గట్టు పక్కనే ఉన్న వరహాలమ్మ ఇంట్లోకి వెళ్లింది. దీప్తి కూడా వెళ్లింది. పొయ్యి పక్కన గోడకు ఆనించి ఒక కోళ్ల గంప ఉంది. అంచున తెల్లగా రెట్ట ఎండి ఉంది. మాధవీలత నీళ్లు తాగి చెంబు కింద పెట్టింది.

“కోళ్లు ఎన్ని ఉన్నాయి?”

“కోల్లెక్కడివమ్మా? నక్క బతకనియ్యదు ఇక్కడ,” అంది వరహాలమ్మ.

తిరుగు బస్సులో దీప్తి ఉండబట్టలేక అడిగింది. “మేడం, అది పెంపుడుదేనా? ఆమె పిలిస్తే వచ్చేసింది కదా.”

మాధవీలత కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. “మీ ఇంట్లో పసుపు మరకైన తుండుగుడ్డను మీ అమ్మ ఏం చేస్తుంది?”

“ఉతికి ఎండలో వేస్తుంది. పోతుంది.”

“జీడి మరకైతే?”

“అది పోదు కదా. గుడ్డ చిరిగినా అది పోదు.”

“రెండు మరకలూ ఇవాళ చూశావు. పడుకోనీ,” అంది మాధవీలత. పలాస వచ్చేదాకా కళ్లు తెరవలేదు.

*

ఆదివారం ఉదయం అందరూ గట్టు మీద చేరారు. కూర్మనాథం కారులోంచి మెల్లగా దిగాడు. ఢిల్లీబాబు చేతిలో వెదురు బుట్ట ఉంది. అందులో ఆడబాతు.

“నాకు వలలూ అక్కర్లేదు, డిటెక్టివులూ అక్కర్లేదు,” అన్నాడు కూర్మనాథం. “పెట్టని ఇక్కడ పెడతాను. నా పోతైతే దానంతటదే వస్తది. దింపరా.”

బుట్టను నీటి అంచున దింపారు. ఆడబాతు సన్నగా అరిచింది. తుంగలో కదలిక. మగబాతు బయటికి వచ్చి, మెడ చాచి, తెరచాప ఈకలు నిలబెట్టుకుని, నేరుగా బుట్ట దగ్గరికి ఈదుకుంటూ వచ్చింది. బుట్ట చుట్టూ తిరగసాగింది.

“సూసినారా? ఆలుమగల్ని ఎవడు మాయ చేస్తాడు?” కూర్మనాథం గొంతుకు గట్టు దద్దరిల్లింది. నూకయ్య నేల మీద కూలబడ్డాడు.

మాధవీలత తొందరపడలేదు. ఎవరో తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. “పక్కూరి అబ్బాయి వచ్చి మీ వీధి అమ్మాయిని చూసినంత మాత్రాన మీ వీధివాడైపోతాడా, కూర్మనాథంగారూ? ఈ జాతి మగబాతు ఏదైనా ఈ జాతి ఆడబాతును చూస్తే వస్తుంది. ఇప్పుడు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నిదానంగా చూడండి.”

అందరూ వంగి చూశారు.

“మీరే చెప్పారు. వానలు వెళ్లాక కొన్నప్పుడు జంటకీ ఒకేలా రెక్క కత్తిరించారు. ఆడదానికి ఈనాటికీ ఒక్క ఈకా తిరిగి రాలేదు. ఎగరలేదు. మరి ఈ మగబాతు హాయిగా ఎగురుతోంది. తెగినవి రెండు ఈకలు, అదీ ఏటవాలుగా. ఎగరకుండా చెయ్యడానికి ఎవరూ అలా కత్తిరించరు. విరిగి వేలాడుతున్న వాటిని తీసెయ్యడానికి కత్తిరిస్తారు. జాలీకి రాసుకుని ఆడదాని తోక ఎలా అయిందో చూడండి, దీని తోక చూడండి. బోనుల్లో పెంచేవాళ్లు వేసే కడియం వదులుగా ఉంటుంది, కాలును కొయ్యదు. దీని కాలు కోసింది దారం.”

“ఈకలు మళ్లీ మొలవ్వా ఏటి? తోక మాత్రం బాగుపడదా?” అన్నాడు కూర్మనాథం.

“సరే, మొలిచాయనుకుందాం. కానీ ఎన్నటికీ పోనిది ఒకటుంది. మీ బోను స్తంభాలకు ఏం పూశారు?”

“చెదలు పట్టాయని జీడి పెంకు నూనె పూసినట్టున్నాడు వీడు. చుట్టాలొస్తారని.”

“అంటే వనభోజనాలకు ముందు. పచ్చి నూనె. పలాసలో ఏ ఆడదాన్నైనా అడగండి, బూడిదో ఆముదమో రాసుకోకుండా ఆ నూనె ముట్టుకుంటే చర్మం లేచిపోతుంది. మరక ఒంటికి పట్టిందంటే ఉతికినా పోదు. ఆడబాతు పొట్ట మీద ఉన్నది అదే. ముక్కు మీద పొక్కూ అదే. మీ వనభోజనాల ఫోటోలో మగబాతు తెల్లటి కనుబొమ్మ మీద ఒక నల్లటి గీత ఉంది, తీసి చూసుకోండి. అది నీడ కాదు. ఇప్పుడు మీ ముందున్న ఈ బాతు కనుబొమ్మ చూడండి.”

కూర్మనాథం ఫోన్ తీశాడు. ఫోటో పెద్దది చేశాడు. నీళ్లలో తిరుగుతున్న బాతుకేసి చూశాడు. కంటి మీది పట్టీ పాలతెలుపుగా ఉంది.

“మరి నాదేమైనట్టు?” అన్నాడు చివరికి. అప్పటికే ఆయనకు తెలిసిపోయిందని దీప్తికి అనిపించింది.

“బాతులు ఒంటికి అంటినది ముక్కుతోనే శుభ్రం చేసుకుంటాయి. ఆడదానికి పొక్కుతో పోయింది. మగదానికి కడుపులోకి వెళ్లింది. ఢిల్లీబాబూ, నీ వేళ్ల మీద పడింది సున్నం కాదు. ఎక్కడ పాతిపెట్టావు?”

ఢిల్లీబాబు బుట్ట పక్కనే చతికిలబడి, రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. “బావి కాడి జీడిసెట్టు కింద బుగతా. నోరంతా పుండైపోయి నీల్లు కూడా తాగనేదు. నా సేతుల్లోనే పోనాది. మీరు ఆసుపత్రిలో ఉంతిరి, ఏ మొకం పెట్టుకుని సెప్పేది? పేపర్లో అలగటి బాతే కనబడింది. దేవుడే పంపినాడనుకున్నాను. నూకయ్యని పన్లోంచి తీసెత్తారని అనుకోనేదు.”

“నూకయ్యనన్నది నువ్వు కాదులే, నేనే,” అన్నాడు కూర్మనాథం. గొంతులో జోరు లేదు. “బోను దగ్గర ఆ వాసన నాకొచ్చింది. కొత్తగా మెరుస్తున్నాయని మురిసిపోయాను. పుట్టిన్నుంచి ఆ నూనెలోనే బతికినోన్ని.”

సూర్యప్రకాష్ అందుకున్నాడు. “ఇది ఆయనది కాదు, ఒప్పుకున్నాను. కానీ మేడం, ఈకలు కత్తిరించిందెవరు? ఆ పచ్చ మరకేమిటి? మనిషి దగ్గరికెందుకు వస్తోంది? ఇంకెవరి బోనులోదో కావచ్చు కదా?”

మాధవీలత లేచి నిలబడింది. “ఆ మరక పసుపు. ఎండకు పసుపు నిలవదు, అయినా ఇంకా కనిపిస్తోందంటే పూసి ఎంతోకాలం కాలేదు. ఈ చుట్టుపక్కలే ఎవరో పూశారు. అంతవరకే నేను చెప్పగలను. మిగతాది నాది కాదు, చెబితే నష్టపోయేది నేనూ కాదు. చెప్పకపోయినా నూకయ్య మీద దొంగతనం ఇక నిలవదు. ఈ బాతు మాత్రం ఎవరిదో పెంపుడు బాతుగానే ఉండిపోతుంది.”

అడవి పిట్టను ఇంట్లో పెట్టుకోవడం నేరం. కాపలాదారే ఆ పని చేస్తే మాట్లాడడానికేమీ ఉండదు. అది అక్కడున్న అందరికీ తెలుసు. నూకయ్య భార్యకేసి వద్దన్నట్టు తల ఊపాడు.

వరహాలమ్మ ముందుకొచ్చింది. “నానే బాబూ. రొయ్యల సెరువు దారాల్లో సిక్కుకుని తలకిందులుగా ఏలాడతన్నాది. ఇప్పేసరికి కాలు తెగిపోనాది. రెక్కలో రెండీకలు ఇరిగిపోయి ఏలాడతంటే కత్తెరతో తీసీసినాను. పసుపద్ది గంప కింద ఎట్టినాను. నడిసేదాకా నూకలేసినాను. మాయన వద్దన్నాడు, పని పోతాదన్నాడు. మా తంపరకొచ్చిన పిట్ట మా ఇంటి ఆడబిడ్డ కాదేటి? దెబ్బతో వచ్చిన పిల్లని గుమ్మం బయటెడతామా?”

“నాకెందుకు చెప్పలేదు నూకయ్యా?” సూర్యప్రకాష్ గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ.

“సెప్తే మీరు పైకి రాసీవోరు కదా సార్,” అన్నాడు నూకయ్య.

సూర్యప్రకాష్ తంపరకేసి చూశాడు. “మెమో ఇస్తాను. ఇవ్వక తప్పదు. రేపట్నుంచి పనిలోకి రా. ముందు ఆ చెరువులవాళ్ల చేత దారాలు తీయించాలి.” తరువాత మాధవీలత వైపు తిరిగి చిన్నగా అన్నాడు. “కానీ రిపోర్టులో ఇది అడవిదని రాయలేను మేడం. గంప కింద ఉండి, మనిషి చేతి నూకలు తిన్న పక్షి. పైవాళ్లు ఒప్పుకోరు. ‘నిర్ధారణ కాలేదు’ అని రాస్తాను.”

“తెలిసినా?”

“తెలిసినా.”

మాధవీలత చెప్పుల బురద గడ్డికి రాసుకుంది. ఢిల్లీబాబు బుట్ట ఎత్తుకున్నాడు. కూర్మనాథం అతని భుజం పట్టుకుని కుంటుతూ కారెక్కాడు. కారు కదిలేదాకా మగబాతు ఒడ్డు వెంబడే ఈదుతూ వచ్చింది.

*

మాఘం వెళ్లి ఎండలు ముదురుతుండగా వరహాలమ్మ నుంచి ఫోన్ వచ్చింది. దీప్తి స్పీకరు పెట్టింది.

“ఎల్లిపోనాదమ్మా. పొద్దుట పరజ బాతులన్నీ లెగిసినాయి, ఆటితోపాటే లెగిసింది. ఒక సుట్టు తిరిగి ఉత్తరంగా పోనాది.”

“పసుపు?” అంది మాధవీలత.

“ఎప్పుడో పోనాది. పొట్ట పాలలాగుండీది.”

“వెళ్లేముందు నీ దగ్గరికి వచ్చిందా?”

అవతల గాజుల చప్పుడు వినిపించింది, చెయ్యి మార్చుకున్నట్టు. “నేదమ్మా. కొన్నాల్ల నుంచి వత్తనే నేదు. నూకలేసినా కన్నెత్తి సూడనేదు. నీల్లలో దిగితే మిగతా పిట్టల్లాగే బెదిరి లెగిసిపోయీది. నన్ను మర్సిపోనాదమ్మా.” చెప్తూనే ఆమె నవ్వింది.

దీప్తి మేడం కేసి చూసింది. “సూర్యప్రకాష్‌గారికి చెబుదామా? ఇప్పుడైనా రిపోర్టు మారుస్తారేమో.”

“చెప్పు. మార్చరు,” అంది మాధవీలత. గోడ గడియారం చూసుకుంది. భర్తను డయాలసిస్ మంచం మీంచి దింపే వేళ కావస్తోంది. టిఫిన్ డబ్బా మూత తీసి, చల్లారిపోయిన ఇడ్లీలు రెండూ నిలబడే తినేసి, చెయ్యి కడుక్కుని మెట్లు దిగింది.